భజంత్రీ మాన్యం కాగితంతో వంశం ఎంతవరకు వెతకొచ్చు?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. మీ తాతగారి పెద్దలు గుంటూరు వైపు ఒక ఊరి గుడిలో సన్నాయి వాయించేవారు. అందుకు పన్ను లేని రెండెకరాల చిల్లర "భజంత్రీ మాన్యం" ఉండేదని ఇంట్లో చెప్పుకునేవారు. ట్రంకుపెట్టెలో ఇంగ్లీషు చేతిరాతతో ఒక పాత కాగితం దొరికింది, దాని మీద టి.డి. అని ఒక నంబరు ఉంది. ఆ మాన్యం రెడ్డి రాజులు ఇచ్చిందని తాతగారి మాట. నాయనమ్మగారి పుట్టిల్లు నల్లగొండ వైపు. వీటితో వంశవృక్షం ఎంతవరకు కట్టొచ్చు, అసలు వృత్తులవారి పేర్లు సర్కారు రికార్డుల్లో ఉంటాయా, అవన్నీ అగ్రహారాల వాళ్లకే కదా అని అడిగారు.

ఉంటాయి. నేను రెవెన్యూలో 30 ఏళ్లకు పైగా పనిచేశాను, అందులో సగం కాలం రికార్డు రూము దుమ్ములోనే గడిచింది. ఆ అనుభవంతో చెబుతున్నాను: పన్ను కట్టిన రైతు కంటే పన్ను కట్టని మాన్యందారు గురించే పాత రికార్డు ఎక్కువ మాట్లాడుతుంది. కారణం చాలా మామూలుది. శిస్తు కట్టేవాడి దగ్గర సర్కారుకు కావలసింది డబ్బు, వాడి తాత ఎవరో దానికి అనవసరం. శిస్తు కట్టనివాణ్ని మాత్రం నిలబెట్టి అడిగింది: ఎందుకు కట్టవు, ఈ భూమి ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, నువ్వు వాడికి ఏమవుతావు, నీ తరవాత ఎవరున్నారు? తలారి, వెట్టి, మంగలి, చాకలి, కుమ్మరి, వడ్రంగి, పూజారి, భజంత్రీ... మాన్యం ఉన్న ప్రతివాడూ ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఆ జవాబులే ఇవాళ మీకు పనికొచ్చే సరుకు.

ఆ ప్రశ్నలు అడిగింది ఇనాం కమిషన్ (మాన్యాన్నే సర్కారు భాషలో ఇనాం అంటారు). మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో పెట్టారు, మొదటి కమిషనర్ జి.ఎన్. టేలర్. 1860లలో ఊరూరా విచారణ జరిపి, ఊరికో రిజిస్టరు తయారు చేశారు. దాన్నే ఇనాం ఫెయిర్ రిజిస్టర్ అంటారు, ఆఫీసుల్లో ఐ.ఎఫ్.ఆర్. అంటే చాలు. విచారణ పూర్తయి ఇనాం ఖాయమైనవాళ్లకు ఒక టైటిల్ డీడ్ ఇచ్చారు. మీ కాగితం మీద ఉన్న టి.డి. నంబరు అదే. ట్రంకుపెట్టెలో లక్ష రూపాయలు దొరికినా ఇంత ఉపయోగం ఉండేది కాదు, ఎందుకంటే రిజిస్టరులో మీ వాళ్ల వరసను నేరుగా పట్టించే తాళంచెవి ఆ నంబరే.

రిజిస్టరులో ఏముంటుందో తెలిస్తే మీకే ఆశ పుడుతుంది. భూమి పేరు, విస్తీర్ణం, మెట్టా మాగాణా, జోడి (నామమాత్రపు శిస్తు) ఏమైనా కట్టాలా లేక సర్వదుంబాలా (పూర్తిగా శిస్తు లేనిదా) అన్నవి ముందు వస్తాయి. తరవాత ఎవరిచ్చారు, ఏ సంవత్సరం, రాతపూర్వకంగా సనదు, అంటే దానపత్రం, ఉందా, మొదటి గ్రహీత ఎవరు, పాత లెక్కల్లో ఎవరి పేరుంది, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, వయసెంత, వారసులెవరు అని వరసగా గడులు ఉంటాయి. వారసుల గడి ఎందుకంటే, వారసుడు లేకపోతే ఇనాం సర్కారుకు తిరిగి వచ్చేస్తుంది. అలా తిరిగొచ్చే హక్కును వదులుకోవడానికి ఎంత జోడి వెయ్యాలో సర్కారు లెక్క కట్టుకుంది. అంటే వంశం మీద ప్రేమతో రాసింది కాదు, లెక్క కోసం రాసింది. మనకు మంచిదే, ప్రేమతో రాసినవాళ్లు వయసులు రాయరు.

ఇంకో సంగతి. 50 ఏళ్లుగా నిరాటంకంగా అనుభవిస్తూ ఉంటే ఆ ఇనాం చెల్లుబాటును ఎక్కువ తవ్వకుండా ఒప్పుకోవాలని కమిషన్ నియమం. అందుకని ప్రతి కుటుంబమూ 1810కి ముందే తమ వాళ్లు ఆ భూమి మీద ఉన్నారని చూపించుకోవడానికి తంటాలు పడింది. 1802 నాటి 31వ రెగ్యులేషన్ కింద అంతకుముందే ఇనాముల జాబితాలు రాశారు కాబట్టి వాటితో పోల్చి చూశారు. ఫలితంగా 1860 నాటి ఒక్క వరసలో మీకు రెండు మూడు తరాలు దొరికే అవకాశం ఉంది: అప్పటి అనుభవదారుడు, అతని కొడుకులు, పైన అతని తండ్రో తాతో. మీ తాతగారి తండ్రి 1890 ప్రాంతంలో పుట్టాడనుకుంటే, ఈ వరసకీ ఆయనకీ మధ్య తెగిన దారం ఒక తరమో రెండు తరాలో మాత్రమే.

ఆ తెగిన దారాన్ని కలపడమే అసలు పని. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, నేనూ పడ్డాను. మా ఇంటి వైపు కరణీకపు మాన్యం ఉండేది. రిజిస్టరులో "వెంకటప్ప, 28 సంవత్సరాలు" అని చూడగానే మా ముత్తాత తండ్రి దొరికాడని సంబరపడి, రెండేళ్లపాటు ఆయన మీద వంశవృక్షం కట్టుకుంటూ పోయాను. తీరా ఒకసారి తద్దినానికి కూర్చున్న మా పెద్దనాన్నగారు మూడు తరాల పేర్లు చెబుతుంటే తండ్రి పేరు కలవలేదు. సంగతేమిటంటే, అన్నదమ్ములిద్దరూ తమ పెద్దకొడుకుకి తమ తండ్రి పేరే పెట్టుకున్నారు. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో, మూడేళ్ల తేడాలో ఇద్దరు వెంకటప్పలు. నేను పట్టుకున్నది పక్కింటి వెంకటప్పను. తాత పేరు మనవడికి పెట్టే మన అలవాటు వల్ల ఇది ప్రతి ఊళ్లోనూ జరుగుతుంది. పేరొక్కటే పట్టుకుని పైకి ఎక్కకండి. భూమిని పట్టుకుని ఎక్కండి.

భూమిని పట్టుకోవడమంటే ఇలా. ఆ మాన్యం ఇప్పుడు ఏ సర్వే నంబరులో ఉందో ముందు తేల్చుకోండి. ఊళ్లో ఎవరో ఒక పెద్దాయనకి "భజంత్రీల చెక్క" ఎక్కడుందో ఇప్పటికీ తెలుస్తుంది, కాగితం కంటే నోటిమాట త్వరగా పనిచేసే చోటు ఇదొక్కటే. కొత్త రీసర్వే జరిగిన ఊరైతే ల్యాండ్ పార్సెల్ నంబరు వేరే ఉంటుంది, దాని నుంచి మునుపటి సర్వే నంబరుకు రండి. అక్కడి నుంచి ఆర్.ఎస్.ఆర్. (సర్వే నంబర్ల వారీగా ఊరి భూములన్నీ రాసిన సెటిల్‌మెంటు రిజిస్టరు) చూడండి. అందులో పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కనే ఉంటాయి, భూమి సర్కారుదా ఇనామా అన్నదీ ఉంటుంది, ఇనామైతే టి.డి. నంబరూ ఉంటుంది. కొన్ని ఊళ్లకు తెలుగూ ఇంగ్లీషూ కలిపి రాసిన డైగ్లాట్ రిజిస్టరు ఉంటుంది. అది దొరికితే అదృష్టం, పేర్లు తెలుగులో ఉంటాయి కదా. ఐ.ఎఫ్.ఆర్. ఇంగ్లీషులో ఉంటుంది, రాసిన గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. సుబ్బయ్య "సూబియా" అయి కూర్చుంటాడు. గట్టిగా పైకి చదవండి, కళ్లతో చదివితే దొరకరు.

ఇక్కడ మీ కేసుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మీది వృత్తి మాన్యం. అది రక్తాన్ని కాక కొలువును అంటిపెట్టుకుని ఉంటుంది. సన్నాయి వాయించేవాడికి కొడుకులు లేకపోతే అల్లుడు వచ్చి వాయించాడు, మాన్యం అల్లుడిదైంది. కొడుక్కి పన్ను లేని భూమి కావాలి గానీ వాయించడం రాకపోతే అన్నకొడుకు వాయించాడు. కాబట్టి రిజిస్టరులో ఒకరి తరవాత ఒకరు వస్తే తండ్రీకొడుకులనుకోవద్దు. సంబంధం రాసి ఉంటేనే రాసుకోండి, లేకపోతే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఇల్లరికపు అల్లుడు ఒక్కడు మధ్యలో దూరితే ఇంటిపేరు మారిపోతుంది, మీరు తలకిందులుగా వెతికినా ఆ పేరు ముందు తరంలో కనబడదు.

రెండో చిక్కు: ఆ భూమి భజంత్రీకి ఇచ్చిందా, దేవుడికిచ్చి భజంత్రీ అనుభవిస్తున్నదా? వినడానికి చిన్న తేడా, కోర్టుల్లో మాత్రం తరాలు గడిచిన తగాదా. దేవుడికిచ్చినదైతే రిజిస్టరులో వరస గుడి పేరు మీద, దేవదాయం కింద ఉంటుంది. మీ పెద్దల పేరు లోపలెక్కడో అనుభవదారుగా ఉంటుంది. వృత్తి మాన్యాల వరసల్లో వెతికి "లేదు" అనుకుని వచ్చేసినవాళ్లను చాలామందిని చూశాను. గుడి పేరు కింద కూడా తప్పకుండా చూడండి. ఎండోమెంట్సు శాఖ దగ్గర 1987 నాటి దేవాదాయ చట్టం 43వ సెక్షన్ కింద రాసిన రిజిస్టరు ఉంటుంది, అందులో గుడి ఆస్తులతోపాటు కొలువులూ కొలువుదార్లూ ఉంటారు. అదే చట్టం వారసత్వపు కొలువులను రద్దు చేసింది, ఆ రద్దును 1996లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ మార్పుకు అటూ ఇటూ గుడి ఆఫీసుల్లో నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాల్లో "మా తాతల నాటి నుంచి వాయిస్తున్నాం" అంటూ పేర్లతో సహా పెట్టుకున్న అర్జీలు నేను చదివాను.

దాని కంటే ముందుది, దాని కంటే మంచిది, 1956 నాటి ఇనాముల రద్దు చట్టం కింద జరిగిన విచారణ. ప్రతి ఊళ్లోనూ ఇది ఇనాం భూమేనా, సంస్థదా, వ్యక్తిదా అని తేల్చి ఆ తరవాతే రైత్వారీ పట్టా ఇచ్చారు. ఆ ఫైళ్లలో అనుభవదార్ల వాంగ్మూలాలు ఉంటాయి: పేరు, తండ్రి పేరు, ఎప్పటి నుంచి సాగు చేస్తున్నారు, పాలివాళ్లెవరు. మీ తాతగారి తరానికీ ఐ.ఎఫ్.ఆర్.కూ మధ్య వంతెన ఇదే. తహసీల్దారు ఆఫీసులోనో కలెక్టరేటు రికార్డు రూములోనో ఉండాలి. "ఉండాలి" అనే అంటున్నాను, చెదలు తినని చోట ఉంటుంది. నకలు కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు "మా వంశచరిత్ర కావాలి" అని రాయకండి, గుమాస్తా నవ్వి పక్కన పెడతాడు. గ్రామం, పాత తాలూకా, టి.డి. నంబరు, సర్వే నంబరు, ఏ రిజిస్టరు అన్నది రాయండి. అడిగింది ఒకే కాగితమైతే దొరుకుతుంది. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. జిల్లాలో లేకపోతే రాష్ట్ర ఆర్కైవ్స్, కమిషన్ నాటి ఉత్తర్వుల కోసమైతే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్.

పక్కదారి అనుకోకపోతే ఒక మాట. మీ ఊరి గుడిలో మేళంతోపాటు భోగం మాన్యం, అంటే గుడిలో ఆడే దేవదాసీల మాన్యం, కూడా ఉండే ఉంటుంది. ఆ వరసలు చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది: తల్లి, ఆమె కూతురు, పెంపుడు కూతురు. మన రికార్డుల్లో ఆడవాళ్ల వంశం ఆడవాళ్ల పేర్లతో నడిచిన చోటు దాదాపు ఇదొక్కటే. మద్రాసు శాసనమండలి సభ్యురాలు ముత్తులక్ష్మీరెడ్డి చొరవతో 1929లో వచ్చిన చట్టం గుడికొలువు షరతు తీసేసి ఆ భూములను వాళ్ల సొంతం చేసింది, ఆ సందర్భంగా మళ్లీ జాబితాలు రాశారు. వాయించే ఇళ్లకూ ఆడే ఇళ్లకూ సంబంధాలు ఉండేవి. మీ వాళ్ల పేర్లు దొరక్కపోతే ఆ వరసలు కూడా ఓసారి చదవండి, ఇంట్లో ఎవరైనా మొహం ముడుచుకున్నా సరే.

తేదీల దగ్గర జాగ్రత్త. ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) అని ఉంటే 590 కలపండి, అది జులైలో మొదలవుతుంది కాబట్టి ఫసలీ 1270 అంటే 1860-61. శక సంవత్సరమైతే 78 కలపండి. సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే మాత్రం తొందరపడొద్దు, అది 60 ఏళ్లకోసారి తిరిగొస్తుంది. "నందనలో వలస వచ్చాం" అని మీ ఇంట్లో ఎవరైనా అనుకునేవారా? గుంటూరు సీమలో ఆ మాటకు దాదాపు ఎప్పుడూ 1832-33 నాటి కరువనే అర్థం. ఆ కరువులో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. అంతకు ముందున్న కుటుంబం, తరవాత వచ్చిన కుటుంబం ఒకటే అని నమ్మడానికి ప్రత్యేకమైన ఆధారం కావాలి.

ఇప్పుడు రెడ్డి రాజుల సంగతి. తాతగారి మాటను తీసిపారెయ్యను, అలాగని దాని మీద ఇల్లు కట్టను. కొండవీటి రెడ్లు 14, 15 శతాబ్దాల వాళ్లు. రిజిస్టరులో "ఎవరిచ్చారు" అన్న గడిలో గుంటూరు, కృష్ణా వైపు ఊళ్లలో నాకు ఎక్కువగా కనిపించినవి 18వ శతాబ్దపు జమీందార్ల పేర్లు, మరీ ముఖ్యంగా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పేరు. రాజ్యం మారినప్పుడల్లా పాత మాన్యాన్ని కొత్త ప్రభువుతో మళ్లీ ఇప్పించుకునేవారు. కాబట్టి రెండూ నిజం కావచ్చు: మొదట రెడ్లు ఇచ్చి ఉండొచ్చు, నాయుడు ఖాయపరచి ఉండొచ్చు. మధ్యలో మాన్యం చేతులు మారి ఉండటానికీ అంతే అవకాశం ఉంది. దీన్ని తేల్చడానికి కైఫియత్తులు చూడండి. కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1800 తరవాత ఊరూరి కరణాల దగ్గర రాయించుకున్న ఊరి చరిత్రలివి, వీటిలో గుళ్లు, మాన్యాలు, ఇచ్చినవాళ్లు ఉంటారు. కొన్ని అచ్చయ్యాయి కూడా. మీ ఊరి కైఫియత్తు ఉంటే అందులో భజంత్రీల మాన్యం గురించి ఒక్క వాక్యం ఉన్నా, మీ లెక్క ఇంకో 50 ఏళ్లు వెనక్కు పోతుంది.

అంతకంటే వెనక్కు అంటే శిలాశాసనాలు, రాగిరేకులు. గుడి శాసనాల్లో వాయిద్యగాళ్లకు భూమి ఇచ్చిన ప్రస్తావనలు ఉంటాయి, కాని ఎక్కువగా "ఇంతమంది వాయించేవారికి ఇంత" అని లెక్కతో సరిపెడతారు. అగ్రహారపు రాగిరేకుల్లో అలా కాదు, ఒక్కో గ్రహీతకు గోత్రం, తండ్రి పేరు, వాటా అన్నీ ఉంటాయి. రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకిచ్చిన నందంపూడి శాసనంలో గ్రహీత కుటుంబం గురించే శ్లోకాలున్నాయి. అంత వివరం మీ వాళ్ల గురించి ఆశించకండి. అది మీ వాళ్ల తక్కువతనం కాదు, రాయించినవాళ్ల చూపు. పైగా పాత శాసనాల్లో మనం ఇవాళ వాడే ఇంటిపేర్లు చాలావరకు ఉండవు. 600 ఏళ్ల నాటి శాసనంలో దొరికిన పేరును తన వంశంలో కలుపుకున్నవాళ్లను చూశాను, మధ్య 400 ఏళ్లకు ఒక్క కాగితం లేదు. కూట శాసనాలు, అంటే భూమి కోసం తరవాత పుట్టించిన రాగిరేకులు, అవి వేరే కథ. మీరు 1800 దగ్గర గట్టిగా నిలబడండి, చాలు.

నాయనమ్మగారి వైపు దారి పూర్తిగా వేరు. నల్లగొండ నిజాం రాజ్యం, అక్కడ మద్రాసు ఇనాం కమిషన్ లేదు, ఐ.ఎఫ్.ఆర్. లేదు. అక్కడ మాట "అతియత్", అంటే సర్కారు ఇచ్చిన దానాలు. ఇనాము, మక్తా, జాగీరు లాంటి దానాలను విచారించి ఇచ్చిన తుది ఉత్తర్వును ముంతఖబ్ అంటారు. అందులో హిస్సాదార్ల (వాటాదార్ల) పేర్లు వాటాలతో ఉంటాయి. అనుభవదారుడు చనిపోయినప్పుడు వారసత్వం తేల్చిన విరాసత్ ఫైలు అంతకంటే మంచిది, దాంట్లో భార్యలూ కూతుళ్లూ కూడా కనిపిస్తారు. హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగండి. అదే చోట షాజహాన్, ఔరంగజేబు కాలపు పారసీ కాగితాలు కూడా ఉన్నాయి, కాని మీ పనికి 19వ శతాబ్దం చివరి నుంచి ఉన్న ఉర్దూ ఫైళ్లు చాలు. శికస్తా, అంటే ఉర్దూ గొలుసుకట్టు, రాతలో చుక్కలు సరిగా పెట్టరు, హ్రస్వాలు రాయనే రాయరు, మల్లయ్యో ముల్లయ్యో చదివేవాడి ఇష్టం. చదివే మున్షీకి ముందే మీకు తెలిసిన పేర్లన్నీ ఒక చీటీ మీద రాసిచ్చేయండి. అక్కడ కింది నుంచి మొదలుపెట్టడానికి 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూములు, వాటి పట్టాదార్లు, సాగుదార్ల జాబితా) మంచి మెట్టు.

రెండు వైపులా నేను ముందుగా వెతికేది మాత్రం తగాదాలే. అన్నదమ్ములు కలిసి బతికితే చరిత్ర మిగలదు. పంపకం దావా వేసుకున్నారంటే వంశవృక్షం గీసి కోర్టుకు ఇవ్వక తప్పదు. కాకపోతే ఆ వృక్షం గెలవడానికి గీసింది. పెంచుకున్న కొడుకును ఒకరు దాస్తారు, రెండో భార్య పిల్లలను ఇంకొకరు మర్చిపోతారు. అవతలి పక్షం ఇచ్చిన జవాబు కూడా కలిపి చదివితే నిజం బయటపడుతుంది. జిల్లా కోర్టు రికార్డు గదితో పాటు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పాత దస్తావేజులు, ముఖ్యంగా భాగపంపకాలు చూడండి. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా) కొన్ని దశాబ్దాలే చూపిస్తుంది, అంతకు ముందువి ఆఫీసుకెళ్లి చేత్తో వెతికించుకోవాల్సిందే.

చివరిగా, ఊరికి వెళ్లేటప్పుడు ఒక పని చెయ్యండి. దిగగానే రచ్చబండ దగ్గర "మా మాన్యం ఎక్కడ?" అని అడగకండి. ఆ భూమి ఇవాళ ఇంకొకరు దున్నుకుంటున్నారు, బహుశా పట్టా కూడా ఉంది. వెనకటికి నేను ఓ అమెరికా కుర్రాణ్ని తీసుకెళ్లినప్పుడు గంటలోపల ఊరంతా "భూమి కోసం వచ్చారు" అని గుప్పుమంది, ఆపైన ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. ముందు గుడికి వెళ్లండి, పూజ చేయించండి, ఇప్పుడు సన్నాయి వాయిస్తున్నవాళ్లను పలకరించండి. వాళ్లకు మీ వాళ్ల పేర్లు తెలిసే అవకాశం తహసీల్దారు కంటే ఎక్కువ.

ఈలోగా ఆ టైటిల్ డీడ్‌ను పెట్టెలో నుంచి తీసి, మడతలు బలవంతంగా విప్పకుండా, ముందూ వెనకా రెండు వైపులా ఫొటో తీసి పెట్టండి. మీరు పంపిన ఫొటోలో ముందు పక్కే ఉంది. వెనక పక్క ఎవరైనా తెలుగులో గొలుసుకట్టు రాతతో రెండు ముక్కలు రాసి ఉంటే నేను చదివిపెడతాను.